నాయన సాకిన పొట్టి హ్యామ్‌స్టర్

వేలూరులో అపార్టుమెంట్లు కొత్తగా లేస్తున్న రోజుల్లో మా నాయన పరంజా మీది నుంచి కిందపడ్డాడు. ఆయన తాపీమేస్త్రీ. నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచి, నడుము కింద చలనం లేని మనిషిని గుడియాత్తంలోని ఇంటికి పంపేశారు. కాళ్ళు మళ్ళీ ఆడతాయా అంటే, "చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటనే నాయన గట్టిగా పట్టుకున్నాడు. నేను పూటపూటా నువ్వులనూనె రాసి ఆయన కాళ్ళు మడిచి చాపేదాన్ని.

"ఈ పొద్దు కొంచెం జివ్వుమన్నట్లుండాది మ్మా" అనేవాడు. నేను నమ్మేదాన్ని.

హ్యామ్‌స్టర్‌ను తెచ్చింది మా మేనమామ. ఆయన వేలూరులో ఇళ్ళకు రంగులు వేసేవాడు. బదిలీ మీద ఢిల్లీ వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దాన్ని పంజరంతో సహా ఆయన చేతిలో పెట్టింది. ఎలకలాంటి పెంపుడు జంతువు, అందులో పొట్టిజాతిది. బొటనవేలంత ఒళ్ళు, బూడిదరంగు, వీపు మీద నల్లగీత.

"ఇంట్లో తిరిగే ఎలకలు చాలవని ఇంకోటి తెచ్చినావా?" అని నాయన కసురుకున్నాడు.

"ఇది మామూలు ఎలక కాదు బావా. పారేస్తారేమోనని మనసొప్పక తెచ్చినా."

పంజరం నడవలో పెడితే, అమ్మ బీడీలు చుట్టే పొగాకు ఘాటుకు అది తుమ్మసాగింది. వేరే చోటు లేక నాయన మంచం పక్కకు మార్చాము. ఇక ఆయనకు అదే లోకమైంది. అది పగలంతా నిద్రపోయి, దీపాలు పెట్టే వేళకు లేచేది. పొద్దుతిరుగుడు గింజలు ఒక్కొక్కటే అందిస్తే బుగ్గల్లో కుక్కుకునేది. ఆ ఉబ్బిన మొహం చూసి నాయన నవ్వాడు. పడిపోయాక ఆయన నవ్వగా వినడం అదే మొదలు. పని దగ్గర మనుషుల్ని అదిలించే గొంతుతోనే, "నిదానంగా తినప్పా, యాడికీ పోదు" అని దానికి చెప్పేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం దాన్ని మంచం మీద వదిలాడు. కాసేపటికి కనిపించలేదు. దిండ్లు ఎత్తి చూశాను. చివరికి దుప్పటి తీస్తే ఆయన పాదాల దగ్గర ఉంది. నూనె వాసనకు వెళ్ళిందేమో, కుడికాలి బొటనవేలి అంచు కొరికేసింది. దుప్పటికి రక్తం అంటింది.

"నాయనా, నొప్పి తెలీలేదా?" అన్నాను.

ఆయన మెడ ఎత్తి కాలివంక చూశాడు.

"తెలీలే" అన్నాడు.

అమ్మ పరుగున వచ్చి, ఆ పాడుదాన్ని వీధిలో పారేస్తానంది. నాయన రెండు చేతులూ దాని మీద కప్పేశాడు. "పావం, దాన్నేమీ అనొద్దు. కట్టె అనుకొనుంటాది."

పుండు మానక వేలూరు తీసుకెళ్ళాము. డాక్టరు కట్టు కడుతుంటే, కాళ్ళు ఎప్పటికైనా వస్తాయా అని నాయన సూటిగా అడిగేశాడు. ఇక స్పర్శ రాదని డాక్టరు చెప్పాడు. మర్నాడు నేను నూనెగిన్నెతో వెళితే, "వద్దులే మ్మా, నీకెందుకు కష్టం" అన్నాడు. అయినా నేను మానలేదు. ఆయన మాత్రం జివ్వుమందని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

మే నెల కత్తిరి ఎండలు వచ్చాయి. హ్యామ్‌స్టర్ పంజరం అడుగున పొట్ట పరుచుకుని రొప్పసాగింది. నాయన చెప్పినట్లు పంజరానికి తడి లుంగీ చుట్టాను, లోపల తడిపిన పెంకు పెట్టాను. మధ్యాహ్నం కరెంటు పోతే ఆయన పడుకున్నచోటి నుంచే విసనకర్రతో విసిరేవాడు. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకునేవాడు. ఒక మధ్యాహ్నం అది నీటి బొట్టు కూడా తీసుకోలేదు. ఆయన అరచేతిలోనే ఊపిరి వదిలింది. కదలడం లేదని నాకు తెలుస్తూనే ఉంది, ఆయన ఇంకా విసురుతూనే ఉన్నాడు.

పెరట్లో కరివేపచెట్టు మొదట్లో పూడ్చాను. మేనమామ వచ్చి, వేలూరులో అలాంటివి అమ్మే అంగడి ఉందని, ఇంకోటి తెస్తానని అన్నాడు.

"వద్దు. ఈ ఊరి ఎండకి అది బతకదు. తెచ్చి చంపేదెందుకు?" అన్నాడు నాయన.

తర్వాత ఆయన ఇంకొన్నేళ్ళు బతికాడు. పెట్టింది తిన్నాడు, అడిగినదానికి బదులు చెప్పాడు. తనంతట తాను ఏదీ కావాలని అడగలేదు.