రాజధానిలో అరవై చీరలు

అద్దె సగానికి బేరమాడి, విశాఖ వద్దని మరీ రాజధానిలో చీరల స్టాలు పెట్టిన మొనగాణ్ణి నేను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది పోచంపల్లి చీరల దుకాణం. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి చీరల మూట మీద కూర్చునేవాణ్ణి. సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. నల్లగొండ బస్సు దిగినవాళ్లూ, కొత్తపేటలో పండ్లు కొని ఆ సంచులతోనే వచ్చినవాళ్లూ. నాన్న చీర మడత విప్పుతూ, "రాజధాని గదరా, జనం ఒస్తనే ఉంటరు" అనేవాడు. రాజధాని అంటే నాకు ఆ చెప్పుల కుప్పే.

రాష్ట్రం రెండైన కొన్నేళ్లకు ఒకే వారంలో విశాఖలోనూ, అమరావతిలోనూ చేనేత ప్రదర్శనలు పెడుతున్నారని తెలిసింది. నాన్నకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. గల్లాపెట్టె తాళంచెవి ఇస్తానంటూనే మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. ఆ రోజు అరవై చీరలు లెక్కపెట్టి ఇచ్చి, "అమ్ముకొని రా, తాళం నీదే" అన్నాడు.

మా పాత గిరాకీ ఒకావిడ, విశాఖ నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ టీచరమ్మ, అప్పుడు కొట్లోనే ఉంది. నేను అమరావతికే పోతాననడం విని అందుకుంది.

"అమరావతిలో ఎవరికమ్ముతావయ్యా? రాజధాని అక్కడుంది గానీ, జనం మా వైజాగ్‌లో ఉన్నారు."

"రాజధాని కంటె పెద్ద ఊరుంటదా మేడం?"

"ఎందుకుండదూ? గుజరాత్‌లో గాంధీనగర్ కంటే అహ్మదాబాద్ పెద్దది. మధ్యప్రదేశ్‌లో భోపాల్ కంటే ఇండోర్ పెద్దది. మీ హైదరాబాద్‌ని చూసి అన్నీ ఇంతేననుకోకు."

"మీ ఊరు గద మేడం, గట్లనే అంటరు."

కొట్లో పెరిగినవాణ్ణి. ఎవరైనా తమ సరుకును పొగుడుకుంటే సగానికి తగ్గించి వినడం అలవాటు.

అమరావతి స్టాలు అద్దె అడగ్గానే సగానికి దిగింది. అంత త్వరగా దిగితే ఏదో తేడా ఉన్నట్టేనని మా కొట్లో పసిపిల్లలకూ తెలుసు. నాకు మాత్రం అది నా నోటి గొప్పే అనిపించింది.

నాలుగు రోజులు కూర్చున్నాను. మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లు వచ్చి, చీర తడిమి చూసి, "ఆదివారం విజయవాడలో కొంటాంలెండి" అని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు. ఆ తర్వాత హాల్లో అమ్మేవాళ్లమే మిగిలేవాళ్లం.

ఇంటికొచ్చి మూటలు దించాను. నాన్న వాటిని విప్పలేదు, చేత్తో తట్టి చూశాడు.

"జనం లేరారా?"

"ఉన్నరు నాయినా. పొద్దుగూకంగనే ఇండ్లకు పోయిన్రు."

అమ్మినవి ఏడు చీరలు. అందులో రెండు పక్క స్టాలువాళ్లు మొహమాటానికి కొన్నవి. అద్దె, బండి కిరాయి, భోజనాలు కలిపి, ఆ ఏడింటి లాభం పోను, చేతి నుంచి పోయింది పదకొండు వేలు. తాళంచెవి ఇంకో మూడేళ్లు నాన్న మొలకే ఉంది. ఆ మూడేళ్లూ ఆయన పక్కన కూర్చుని చీరలు మడత పెట్టాను. ఆ ఏళ్లను ఈ లెక్కలో వేయలేదు. నష్టం పదకొండు వేలే.