బోరులో వేసిన మాట

డాక్టరు నాయిన తల స్కాన్ చూపించి, "కంప్యూటర్‌ల ఫైళ్లు చెరిగిపోయినట్టే అమ్మా, ఇగ అడిగినా ఏం రాదు" అన్నాడు. ఫిల్ములోని నల్లటి గుంతలు చూస్తుంటే మా ఊరు పాన్‌గల్‌లో మా చేనులోని ఎండిన బోరు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు నాయిన ఆ బోరులో రాయి వేసి, నీళ్ల చప్పుడు కోసం పైపుకు చెవి ఆనించేవాడు. అప్పటికే తాత మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాడు.

"తాతకేమైంది నాయినా?"

"తాత తలకాయ గీ బోరు లెక్కనే బిడ్డా. ఊట ఇంకిపోయింది."

నేను నమ్మేశాను. రాయి వేస్తే తాత చెవి నొస్తుందని, రాయికి బదులు మాట వేశాను. "తాతా!" అని పిలిచి, అక్కడే చెవి ఆనించాను. లోపల ఒకటే హోరు. చాలాసేపటికి భయపడ్డ చిన్నపిల్ల గొంతుతో "తాతా" అని వినిపించింది. లోపలెవరో పడిపోయారని ఏడుస్తూ పరుగెత్తాను.

స్కాన్ తీసుకుని ఇంటికొచ్చాక, మంచంలో ఉన్న నాయిన చెవిలో "నాయినా" అన్నాను. చెరిగిపోయిన ఫైళ్లే అనుకుంటే లేచి వెళ్లిపోయేదాన్ని. బోరు అనుకున్నాను కాబట్టి వంగే ఉన్నాను.

ఎంతో లోతు నుంచి వచ్చింది.

"నాయినా..."

నన్నెప్పుడూ బిడ్డా అనే పిలిచాడు. ఆ పిలుపు తాతకు.