ఇంగ్లీషు బడి చెక్క

ఆ చెక్క ముక్క మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో మా వంటింటి సొరుగులో, గరిటెల కింద, చాలా ఏళ్లు పడి ఉంది. అరచేయంత టేకు చెక్క. పైన రెండు కన్నాలు, వాటిలోంచి పురికొస. ఎంతమంది మెడలకు రాసుకుందో ఏమో, కొస నల్లబడిపోయింది. చెక్క మీద మాత్రం ఒక్క అక్షరం కూడా ఉండదు. ఒకసారి మా ఆయన దాన్ని వేడి గిన్నె కింద పెట్టబోతే చేతిలోంచి లాక్కున్నాను. "ఏంటిది, పూజ సామానా?" అన్నారు. పూజది కాదు, పగది అన్నాను. వేళాకోళం అనుకుని ఆయన కూర వడ్డించుకున్నారు.

మా ఊళ్లో ఆ బడిని అందరూ ఇంగ్లీషు బడి అనేవారు. దొరలు కట్టించింది. సముద్రపు గాలికి పెచ్చులూడిపోయే ఎర్ర ఇటుక గోడలు, పొడవాటి వరండా, వరండా చివర నిలువెత్తు బోర్డు. ఆ బోర్డు మీద బంగారు రంగు అక్షరాల్లో, అక్కడ చదివి గొప్పవాళ్లయినవారి పేర్లు ఉండేవి. జడ్జీలు, కలెక్టర్లు, ఒక నేవీ అధికారి, లండన్ వెళ్లి డాక్టరైన ఒకాయన. పొద్దున ప్రార్థన కాగానే ఆ బోర్డు ముందు నుంచే వరుస కట్టి క్లాసులకు వెళ్లాలి. వీళ్లంత వాళ్లు కావాలంటే వీళ్లలా మాట్లాడండి అని మా హెడ్మాస్టరుగారు రోజూ చెప్పేవారు. ఆ గొప్పవాళ్లంతా చిన్నప్పుడు ఆకలేస్తే అన్నం ఏ భాషలో అడిగారో బోర్డు మీద ఎక్కడా రాయలేదు.

చెక్క సంగతి ఇది. బడి ఆవరణలో ఎవరైనా తెలుగులో మాట్లాడితే చెక్క వాళ్ల మెడలో పడుతుంది. అది వదిలించుకోవాలంటే ఒకటే దారి. తెలుగులో మాట్లాడే ఇంకొకరిని పట్టుకుని, వాళ్ల మెడలో వేయాలి. అలా ఒకరి మెడ నుంచి ఇంకొకరి మెడకు తిరిగి తిరిగి, సాయంత్రం ఆఖరి గంట కొట్టేసరికి ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు అరచేతుల మీద బెత్తం దెబ్బలు. ఆ తర్వాత గొప్పవాళ్ల బోర్డు కింద నిలబడాలి, ఇంటికెళ్లే పిల్లలంతా చూసేలా. చెక్క మెడలో ఉన్నవాళ్లు పక్కకు వచ్చి కూర్చుంటే స్నేహితులు కూడా నోళ్లు మూసుకునేవారు. టీచర్లు పెద్దగా కష్టపడక్కర్లేదు. వాళ్ల పని మేమే చేసిపెట్టేవాళ్లం.

మా క్లాసు మానిటర్ ఒక మగపిల్లాడు. అతని మెడలో ఆ చెక్క ఒక్కసారి కూడా పడలేదు. అంత జాగ్రత్త. వేరేవాళ్లను పట్టించడంలో మాత్రం అతన్ని మించినవాళ్లు లేరు. నీళ్ల కుళాయి దగ్గర, గోడ చాటున, ఎవరైనా కాస్త గొంతు తగ్గించి నాలుగు మాటలు చెప్పుకుంటుంటే పిల్లిలా వచ్చి నిలబడేవాడు. పట్టుకున్న క్షణాన పెదవి ఒక మూలకు లాగి నవ్వేవాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఏడో తరగతిలో ఫౌండర్స్ డేకి ఇంగ్లీషు పోయెం చెప్పడానికి నన్ను ఎంచుకున్నారు. ఊళ్లో పెద్దలంతా వస్తారు. మా అమ్మకు అప్పట్లో ఒంట్లో బాగుండేది కాదు, నడుస్తూ నడుస్తూ కళ్లు తిరిగి పడిపోయేది. అయినా ఆ రోజు వస్తానంది, కొత్త జాకెట్టు కూడా కుట్టించుకుంది. పోయెం చెప్పే అవకాశం నాకు తప్పితే తనకు వస్తుందని మానిటర్‌కు తెలుసు. ఆ వేడుకకు ముందురోజు మధ్యాహ్నం బెల్లుకు నేను చేతులు కడుక్కుంటుంటే పరుగున వచ్చి, రొప్పుతూ, నియమం తప్పకుండా చక్కటి ఇంగ్లీషులో చెప్పాడు: "యువర్ మదర్ హాజ్ ఫాలెన్ డౌన్. ఎట్ ద గేట్."

నేను "అమ్మా!" అని అరుస్తూ గేటు దాకా పరిగెత్తాను. "అమ్మా, ఏమైందమ్మా, ఎక్కడున్నావమ్మా" అని ఏడుస్తూ అటూ ఇటూ వెతికాను. గేటు దగ్గర ఐసుబండి తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగితే వాడు నిలబడి ఉన్నాడు. చేతిలో చెక్క, పెదవి మూల ఆ నవ్వు. ఎవరి మెడలోంచో తీసి అంత దూరం చెక్క వెంట తెచ్చుకున్నాడంటే ముందే అనుకుని చేసిన పనే కదా. సాయంత్రం దాకా నేను ఎవరినీ పట్టుకోలేదు, దెబ్బలు నాకే పడ్డాయి. చెక్క మెడలో పడ్డ పిల్ల పెద్దల ముందు పోయెం చెప్పడం బాగుండదన్నారు. వాడు చెప్పాడు. నేను ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఏమీ తెలియని అమ్మ కొత్త జాకెట్టు వేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుని, వాడికి చప్పట్లు కొట్టింది.

విషయం తెలిశాక అమ్మ నా అరచేతులకు వెన్న రాస్తూ, బాగా చదువుకుని వాడికంటే పెద్దదానివి అవ్వమ్మా అంది. నాకు పెద్దదాన్ని కావాలని లేదు. ఆ చెక్క వాడి మెడలో చూడాలని ఉంది. పదో తరగతి ఆఖరి రోజు చెక్క నా వంతుకే వచ్చింది. దెబ్బలు తిని, దాన్ని పుస్తకాల సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాను. దొంగతనమే. ఆ బడి నుంచి నేను తెచ్చుకున్న ఏకైక బహుమతి అది.

ఇప్పుడు నేను ఇక్కడ చైల్డ్‌కేర్‌లో పనిచేస్తున్నాను. గోడ నిండా రకరకాల భాషల్లో నమస్కారాలు రాసి ఉంటాయి. పసిపిల్లలు ఇంటి భాషలో ఏడిస్తే, ఆ భాష వచ్చినవాళ్లు వెళ్లి ఎత్తుకోవాలని మా మేనేజరు చెబుతుంది. తెలుగు ఏడుపులన్నీ నా భుజానికే వస్తాయి. ఏ పిల్లయినా "అమ్మ కావాలీ" అని వెక్కుతుంటే "ఇదిగో వచ్చేస్తుందమ్మా" అంటూ తిప్పుతాను, లోపల మాత్రం ఆ మానిటర్‌ను తిట్టుకుంటాను. ప్రేమ, కోపం రెండూ ఒక్కసారే వస్తాయి నాకు.

పోయినేడాది మా బడి పూర్వ విద్యార్థుల సంఘం కుర్రాడు ఫోన్ చేశాడు. స్టూడెంట్‌గా వచ్చి, ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ తెచ్చుకుని, ఇలాంటివన్నీ ఉత్సాహంగా నెత్తినేసుకునే రకం.

"అక్కా, ఈసారి లంచ్ మన దగ్గర్లోనే వెర్రిబీలో పెడుతున్నాం. హాల్ బుక్ చేసేశా. సాటర్డే ఆర్వో అంతా, సాయంత్రం దాకా మనదే. ఫస్ట్ మన స్కూల్ నోటబుల్స్ మీద స్లైడ్ షో, తర్వాత సిడ్నీ సార్‌కి ఫెలిసిటేషన్. సార్ బ్యాచ్ వాళ్లు మెల్‌బోర్న్‌లో మీరొక్కరే ఉన్నారక్కా. శాలువా మీరే కప్పాలి."

"ఏ సారు?"

"అయ్యో, తెలీదా? సిడ్నీ పారమట్టాలో వీకెండ్ తెలుగు క్లాసులు నడుపుతారు కదక్కా. వీడియోలు చూళ్లేదా? తెలుగంటే ప్రాణం ఇచ్చేస్తారాయన!"

వీడియో పంపాడు. మొహం గుండ్రమైంది, జుట్టు పలచబడింది, పట్టు లాల్చీ వచ్చింది. అమ్మ భాష మన ఊపిరి అంటున్నాడు. పిల్లల నోట్లో తెలుగు ఆరిపోతుంటే గుండె తరుక్కుపోతోందట. మాట మధ్యలో నవ్వాడు, పెదవి ఒక మూలకు లాగి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అదే వీడియో మళ్లీ మళ్లీ చూశాను. అమ్మ అనే మాట వాడి నోటి వెంట వచ్చిన ప్రతిసారీ ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. తర్వాత ఆ కుర్రాడికి ఫోన్ చేసి, తప్పకుండా కప్పుతానని చెప్పాను.

ఆ శనివారం నేను హ్యాండ్‌బ్యాగులో చెక్క పెట్టుకోవడం మా ఆయన చూశారు.

"వదిలెయ్యవే. అప్పుడు మీరంతా చిన్నపిల్లలు. అతనికి అసలు గుర్తుండి ఉంటుందా?"

నాకున్న భయం కూడా అదే. వాడు కాదంటాడని కాదు, క్షమించమంటాడని కాదు. మరిచిపోయి ఉంటే? హాయిగా మరిచిపోయి ఇన్నేళ్లూ నిద్రపోయి ఉంటే, నేను మోసిందంతా దేనికి? నాకు వాడి క్షమాపణ అక్కర్లేదు. వాడికి గుర్తుంటే చాలు.

హాల్లో తెర మీద గొప్పవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెళ్లారు. అవే పేర్లు, ఆ బోర్డు మీదివే. చివర కొత్తగా ఇతని బొమ్మ. చప్పట్లు. స్టేజీ పక్కన నన్ను పరిచయం చేస్తే రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండీ. మా బ్యాచేనా మీరు? ఏమనుకోకండి, ముఖం గుర్తు రావట్లేదు. ఎంత గొప్ప స్కూలండీ మనది! భాష విలువ అక్కడే తెలిసింది నాకు."

"నాకూ అక్కడే తెలిసిందండీ" అన్నాను. నిజంగానే మరిచిపోయాడేమో అనుకున్నాను. ఒక్క క్షణం బ్యాగు జిప్పు మీద చేయి ఆగిపోయింది. అంతలో కుర్రాడు మైకులో నన్ను పిలిచాడు.

శాలువా కప్పాను. ఫొటోల కోసం వాడు నవ్వాడు. అందరూ చూస్తుండగానే బ్యాగులోంచి చెక్క తీసి, నల్లబడ్డ కొసను వాడి తల మీదుగా మెడలో వేశాను. చెక్క పట్టు లాల్చీ మీద వేలాడింది. ఏదో పాతకాలపు మెమెంటో అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ముందు బల్ల దగ్గర మా జూనియర్ ఒకావిడ మాత్రం నోటికి అడ్డంగా చేయి పెట్టుకుంది. వాడు ఫొటోకి చూపిద్దామని నవ్వుతూనే చెక్కను పైకెత్తి, కిందికి చూశాడు.

నవ్వు పోయింది. వేళ్లు చెక్క వెనక్కి వెళ్లి కన్నాలు తడిమాయి. అప్పుడు నా మొహంలోకి చూశాడు. ఈసారి గుర్తుపట్టాడు. నా కడుపు చల్లబడింది. ఎవరేమనుకున్నా సరే, అంత సుఖం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

మైకు చేతికిచ్చారు. "సభకు నమ..." అని ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. చెయ్యి కొస దాకా వెళ్లి కిందికి దిగింది. జనం ఆనందంతో మాట రావట్లేదనుకున్నారు. చివరికి చెప్పాడు:

"గుడ్ ఆఫ్టర్‌నూన్, లేడీస్ అండ్ జెంటిల్మెన్."

ఆపైన మొత్తం ఇంగ్లీషులోనే నడిచింది. తెలుగు ఎందుకు బతకాలో, తెలుగు పిల్లలకు ఎందుకు నేర్పాలో, నుదుట చెమట తుడుచుకుంటూ, ఒక్క తెలుగు మాట దొర్లకుండా, నీళ్ల కుళాయి దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండేవాడో అంత జాగ్రత్తగా చెప్పాడు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక కూర్చున్న పిల్లలు మాత్రం ఫోన్లు దించి శ్రద్ధగా విన్నారు. నేను స్టేజీ మీదే, వాడి పక్కనే, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. తీసి పారేయొచ్చు కదా? పారేయడు. దాన్ని ఎలా వదిలించుకోవాలో వాడికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

భోజనాల దగ్గర పులిహోర గిన్నె ముందు నేను వడ్డిస్తున్నాను. వాడు పళ్లెం పట్టుకుని వచ్చాడు. చెక్క శాలువా కింద దాచుకున్నాడు గానీ కొస కనబడుతూనే ఉంది. వెనక ఎవరూ లేరు.

"పెట్టించుకోండి, చల్లారిపోతుంది" అన్నాను.

వాడి కళ్లు ఒక్కసారి మెరిశాయి. ఆ చూపు నాకు తెలుసు. పళ్లెం బల్ల మీద పెట్టేసి, గబగబా కొస తల మీదుగా తీసి, చెక్క నా వైపు చాపాడు. పెదవి మూలకు లాగబోయింది. అంత వయసు మనిషి, మనవల్ని ఎత్తుకునే మనిషి, నేను తెలుగులో మాట్లాడానని నన్ను పట్టుకున్నాడు. తన చేయి ఏం చేస్తోందో తనకే ఆలస్యంగా తెలిసినట్టుంది. చాపిన చేయి సగంలోనే ఆగింది.

నేను గరిటె గిన్నెలో పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

"మా అమ్మ పడిపోయిందని చెప్పావు నువ్వు. గేటు దగ్గర."

"ఐ రిమెంబర్" అన్నాడు.

"తెలుగులో చెప్పు."

అటూ ఇటూ చూశాడు. పెదవులు కదిలాయి. నేను చాలాసేపు ఎదురుచూశాను, నాకేం తొందర లేదు. పులిహోర పైన కరివేపాకు వాడిపోయింది. చివరికి వాడు పళ్లెం అక్కడే వదిలేసి, చెక్క పిడికిట్లో పట్టుకుని తలుపు వైపు నడిచాడు.

సాయంత్రం కుర్చీలు మడిచి, నేల తుడిచి, ఆ కుర్రాడు హాలుకు తాళం వేశాడు. కారు దాకా వచ్చి, "అక్కా, సార్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లిపోయారు. ఆ మెమెంటో చేతిలోనే పట్టుకెళ్లారు, ఎంత నచ్చిందో చూడండి" అన్నాడు. ఇంటికొచ్చి వంటింటి సొరుగు తీస్తే గరిటెలు మాత్రమే ఉన్నాయి. ఆఖరి గంట కొట్టేశారు. చెక్క వాడి దగ్గరే ఉంది.