గోదావరికి బయల్దేరిన దీపం

ఆ రోజుల్లో గాలి ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి మాకు రేడియో అక్కర్లేదు. ఉక్కునగరం క్వార్టర్స్ మేడ మీద ఆరేసిన చీర ఎవరి పెరట్లో పడిందో చూసుకుంటే చాలు. వానాకాలంలో ఒక పక్కవాళ్ళు, చలికాలంలో రెండో పక్కవాళ్ళు తెచ్చిచ్చేవారు. (నవ్వకుండా రాయవే బుజ్జీ, నువ్వు నవ్వితే నాకు వరస తప్పిపోతుంది.) తొంభైల మొదట్లో మాట ఇది. కొత్తగా పెళ్ళయింది, మీ తాతగారికి ప్లాంటులో షిఫ్టులు, ఇంట్లో నేనూ మా అత్తగారూ. గాజువాకలో ఒక చిన్న స్కూలువాళ్ళు సోషల్ చెప్పడానికి రమ్మన్నారు, సోమవారం వచ్చి చేరకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. నా ప్రాణమంతా ఆ ఉద్యోగం మీదే ఉంది. అత్తగారు ఔననలేదు, కాదనలేదు, "చూద్దాంలే" అన్నారు. ఆవిడ చూద్దామన్నవేవీ ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆ ఆదివారమే కార్తీకం వెళ్ళిన మర్నాడు, అరటి దొప్పల్లో దీపాలు వదిలే రోజు. ముందురోజు సాయంత్రం అత్తగారు దొప్పలు సర్దుకుంటూ నిట్టూర్చారు. "మా గోదారైతే వదిలిన దీపాన్ని కళ్ళకి ఆనినంత మేరా తీసుకుపోతుంది. ఇదేం సముద్రమే, ఇచ్చింది పుచ్చుకోదు, మొహాన విసిరికొడుతుంది."

ఇదే అదనని నేను తాంబాళంలో నీళ్ళు పోసి, పసుపు జల్లి, విసనకర్ర పుచ్చుకున్నాను. "ఇదిగోండి అత్తయ్యగారూ, ఇది బంగాళాఖాతం, ఈ కింది అంచు భూమధ్యరేఖ. వానాకాలంలో గాలి నైరుతి నుంచి వీచి నీళ్ళని తూర్పుకి తోస్తుంది. చలికాలంలో గాలి మారి ఈశాన్యం నుంచి వీస్తే నీళ్ళు కూడా పడమటికి మళ్ళుతాయి. మన ఒడ్డు వెంట దక్షిణానికి పోతాయి" అంటూ గట్టిగా విసిరాను. బంగాళాఖాతం సగం నా చీర మీద పడింది.

"పేరంటం నీకు నువ్వే చేసుకున్నావన్నమాట" అన్నారావిడ. "అయితే ఈ సముద్రానికి సొంత బుద్ధి లేదూ?"

"గాలి ఎటంటే అటేనండి."

"అచ్చం మీ మావగారే. మా ఆడపడుచు ఉంటే ఒక మాట, నేనుంటే ఒక మాట." కాసేపు పసుపు నీళ్ళకేసి చూసి, "దక్షిణమంటే మా గోదారి వైపేగా?" అన్నారు.

"అవునండి, గోదారి సముద్రంలో కలిసే వైపే."

"అయితే రేపు నా దీపం అటు వెళ్తే, ఎల్లుండి నువ్వు గాజువాక వెళ్ళు. నా మొహానే తిరిగొచ్చిందా, ఇంట్లో కూర్చుని ఇలాగే పసుపు జల్లుకో."

తెల్లవారేసరికి అప్పికొండ ఒడ్డున ఉన్నాం. ఆవిడ దొప్పకి గుర్తుగా నా ఎర్ర రిబ్బను కట్టాను. దీపం రెండు అలలు దాటింది, మూడో అల దాన్ని ఆర్పేసి మా కాళ్ళ దగ్గర పడేసింది. అత్తగారు నావైపు చూశారు. ఇంతలో ఇంకో అల లాక్కుపోయింది, కాస్త కుడిపక్కగా మళ్ళీ తెచ్చింది. సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడిపక్క దక్షిణమే కదా. "చూశారా, కదుల్తోందండి" అంటూ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒడ్డు వెంట పరుగెత్తాను. (ఆ పరుగు మీ తాతగారు చూడలేదు కాబట్టి సరిపోయింది.) జనం ఎక్కువయ్యారు, దొప్ప మాయమైపోయింది.

ఎండుచేపలు ఆరబెడుతున్న ఒకావిడ నన్ను చూసి అడిగింది. "ఏటమ్మా ఎతుకుతన్నావు? సెవి దుద్దు గాని పడిపోనాదా?"

"కాదమ్మా, దీపం."

"దీపం ఎతకడానికి ఇంకో దీపం ఒట్టుకురాకపోనావా" అని, వెనక్కి చూసి, "సచ్చినదానా, మళ్ళీ ఏటి తింతన్నావే?" అంటూ లేచింది. అక్కడ ఆవిడ మేక, తడి అరటి దొప్పని హాయిగా నములుతోంది. మూతి పక్క నుంచి నా ఎర్ర రిబ్బను వేలాడుతోంది.

నా ఉద్యోగం మేక నోట్లో పడిందనుకున్నాను. అత్తగారు ఆయాసపడుతూ వచ్చి, మేకని చూశారు, నన్ను చూశారు, మేం దీపం వదిలిన చోటు ఎంత దూరంలో ఉందో వెనక్కి తిరిగి చూశారు. ఏడవబోతున్నానేమో, నా మొహం మీద ఇసుక కొంగుతో తుడిచారు.

"ఏడుపెందుకే? గోదారికే బయల్దేరింది. దారిలో దీన్ని కూడా పలకరించింది, అంతే. రేపు ఆ ఆకుపచ్చ చీర కట్టుకెళ్ళు."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పాఠం చెప్పాను. పుస్తకంలో పటం మీద బాణం గుర్తులు ఎంత తిన్నగా ఉంటాయో. సముద్రం కూడా ఆ పుస్తకం చదివే ఉంటుందని నమ్మి, తడి చీరతో ఒడ్డు వెంట పరుగెత్తిన ఆ పిల్ల ఇప్పుడు కనిపిస్తే, నెమ్మదిగా వెళ్ళమ్మా, పడతావు అంటాను. వినదనుకో.