బాషా అంగడిలో లినక్స్ గృహప్రవేశం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పెళ్ళికార్డులు చేసే కంప్యూటరును మార్చి చూడు అనడం మరిచిపోయారు. ఆ లోటు నేను తీర్చాను. శ్రీశైలం దాకా పాకిన ఆ అప్రతిష్ఠ కథ వినండి.

అప్పుడు రిటైరైన కొత్త. ఇంట్లో మూలబడ్డ కంప్యూటరులో విండోస్ తీసేసి, దాని బదులు ఊరికే దొరికే లినక్స్ సొంతంగా ఎక్కించుకున్నాను. పైసా ఖర్చు లేదు, వైరస్ గోల లేదు. ముసలెద్దు లాంటి యంత్రం కోడెలా లేచింది. ఇక కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా ఊరి మీద పడ్డాను. మొదట దొరికినవాడు, కర్నూలు పాతబస్తీలో కార్డులు అచ్చువేసే నా మిత్రుడు బాషా.

"విండోస్ అద్దె ఇల్లు బాషా. లినక్స్ సొంతిల్లు."

"అద్దింట్లో నీళ్ళు రాకుంటే ఓనరును అడుగుతాం గదన్నా. సొంతింట్లో బోరు ఎవురేస్తారు?"

"నేనేస్తా!"

ఒకనాడు బాషా బంధువుల పెళ్ళికి ఆత్మకూరు పోతూ, అంగడి చూసుకోమని తాళాలు నాకిచ్చాడు. చూసుకోవడమంటే నా దృష్టిలో బాగుచేయడం. పద్ధతి గల మనిషిని కదా, అతని ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులో భద్రంగా దాచి, విండోస్‌ను సాగనంపి, లినక్స్‌ చేత కుడికాలు పెట్టించాను.

మధ్యాహ్నం నర్సిరెడ్డి అనే ఆసామి తన కూతురి పెళ్ళికార్డుల కోసం వచ్చాడు. బాషా ముందే కూర్చిపెట్టిన కార్డు ఫైలును దర్జాగా తెరిచాను. తెలుగు మాయం! కళ్ళంలో ఆరబోసిన ఎండుమిరపకాయల్లా తెర నిండా కొమ్ములూ తోకలూ.

"ఏంది సారూ ఇది? మా పాపను చైనాకిస్తాండామా?"

బాషాకు ఫోన్ చేశాను.

"అన్నా, ఆ అక్షరాలు కొన్న సాఫ్ట్‌వేరుతో వచ్చినయి. అది విండోస్‌లో తప్ప నడ్సదు! దాని డిస్కు బీరువాలో ఉండాది, బీరువా తాళం నా జేబులో ఉండాది!"

"ఎప్పుడొస్తావు?"

"రేపు!"

రెడ్డి తల పట్టుకున్నాడు. "రేపు యాడికి సారూ? తెల్లారితే మొదటి కార్డు శ్రీశైలం మల్లన్న ముందర పెట్టాల. అది తప్పితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానీదు."

లినక్స్‌లోనూ తెలుగుంది. దాంట్లో టైపు చేయడం నాకే అప్పటికి రాదు. తప్పు దానిది కాదు, నాది. చివరికి, "చేత్తో రాసి అచ్చువేస్తా" అన్నాను. రెడ్డి జేబులోని ముహూర్తం కాగితం చూసి ఒక్క ఊపులో కార్డు రాసేశాను. దాన్ని స్కానరులో పెట్టాను. స్కానరునూ ప్రింటరునూ లినక్స్ పాత చుట్టాల్లా పలకరించింది. కార్డులు చకచకా దిగాయి. రెడ్డి తన పేరూ వియ్యంకుడి పేరూ మాత్రం చూసుకుని, "అచ్చు కంటే శానా బాగుండాది సారూ" అని మొక్కి పోయాడు.

మర్నాడు శ్రీశైలం నుంచి రెడ్డి ఫోను.

"సారూ, పూజారి సామి కార్డు సదివి ఒకటే నగుతాండాడు. మోకాళ్ళ నొప్పి పెండ్లికొడుక్కా, పెండ్లికూతురికా అని అడుగుతాండాడు!"

మిగిలిన కార్డు తీసి చూశాను. జీవితమంతా డైరీలు రాసిన చెయ్యి ఇది. ఏ కాగితం దొరికినా ముందు ఎండ సంగతి, ఆ తర్వాత ఒంటి సంగతి రాస్తే గాని ముందుకు కదలదు. శ్రీరస్తు, శుభమస్తు కింద ముత్యాల్లాంటి అక్షరాలు: "ఎండ తీవ్రం. మోకాళ్ళ నొప్పి యథాప్రకారం."

బాషా తిరిగొచ్చి, నన్ను స్టూలు మీద చేతులు కట్టించి కూర్చోబెట్టి, కార్డులన్నీ మళ్ళీ అచ్చువేశాడు.

కాబట్టి మల్లన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. లినక్స్‌ను ప్రేమిస్తాను, విండోస్‌ను ద్వేషించను, యజమాని ఊళ్ళో లేనప్పుడు ఎవరి కంప్యూటరునూ ఉద్ధరించను. మరీ ఆగలేకపోతే, పెళ్ళిళ్ళ కాలం పోయేదాకా ఓపిక పడతాను.