ఐదు లోపల, ఐదు బయట

బారక్‌లో అందరూ అతన్ని పానా అనేవారు. చేరిన మొదటి రోజే నీళ్ల మోటారు ఆగిపోతే, ఎవరూ అడగకుండానే చొక్కా విప్పి, పానా పుచ్చుకుని దాని మీద పడ్డాడు. అరగంటలో నీళ్లొచ్చాయి, దాంతోపాటే ఆ పేరూ వచ్చింది.

ఇరవై నాలుగేళ్లవాడు. మేనమామ ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టులో ఆరేళ్లు గొడ్డుచాకిరీ చేశాడు. ఆ మేనమామ ఎలాంటి మనిషంటే, రాగి గొట్టం అతికేటప్పుడు చెయ్యి కాస్త వణికితే చాలు, పట్టకారుతో వేళ్ల కణుపుల మీద ఒక్కటిచ్చేవాడు. ఊపిరి బిగబట్టి మంట పెట్టు, అతుకు పడ్డాకే ఊపిరి వదులు అని రోజంతా సతాయించేవాడు. ఆ దెబ్బలకు చెయ్యి కుదిరింది, పనీ వచ్చింది. ఏం లాభం? ఏ ఫ్యాక్టరీ గడప తొక్కినా సర్టిఫికెట్ ఏదీ అన్న మాటే. చేసి చూపిస్తానంటే వినే నాథుడు లేడు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లకు కళ్లెదుట జరిగే పనికన్నా కాగితం మీద ముద్రే గొప్ప, ఏం చేస్తాం!

అలాంటప్పుడు కంటపడింది సైన్యం వారి ప్రకటన. పెద్ద జనరేటర్ల పని రెండేళ్లు నేర్పి, ఎక్కడైనా చెల్లే సర్టిఫికెట్ ఇస్తారట. వద్దు నాయనా అని తల్లి కాళ్లావేళ్లా పడింది. తుపాకీ పట్టేది మూడు నెలలేననీ, ఆ తర్వాత చేతిలో ఉండేవి పానాలేననీ చెప్పి ఒప్పించాడు. యుద్ధమంటే అతనికి భయమే, భయంకన్నా అయిష్టం ఎక్కువ. మనుషుల్ని కాల్చాల్సి వస్తుందా అని భర్తీ ఆఫీసు గుమాస్తాను అడిగితే, నీది టెక్నికలే, ముందు సంతకం పెట్టు అన్నాడు. ఎనిమిది పేజీల ఒప్పందంలో ఏడో పేజీ అడుగున, సైన్యం అవసరాన్ని బట్టి పని మార్చవచ్చని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ సంగతి ఆ పెద్దమనిషి నోటివెంట రాలేదు. మనవాడూ చదవలేదు.

రెండో నెలలో కాల్పుల శిక్షణ మొదలైంది. బోర్లా పడుకుని, ఇసుక బస్తా మీద తుపాకీ ఆనించి, వంద గజాల అవతల వలయాలు గీసి అట్టకు అంటించిన కాగితాన్ని కొట్టాలి. కళ్లు మూసుకుని ఎటో ఒకటి కాల్చి పడేద్దామనుకున్నాడు పానా. అలవాటు మనం చెప్పినట్టు వింటుందా! ఊపిరి దానంతటదే ఆగింది, చెయ్యి దానంతటదే కుదిరింది. ఐదు తూటాలూ నడి వలయంలో పడ్డాయి. శిక్షణ ఇచ్చే సార్జెంటు వచ్చి వీపు చరిచాడు. నిజం చెప్పొద్దూ, ఆ చరుపుకు పానా కాసేపు పొంగిపోయాడు కూడా. ఆరేళ్లలో మేనమామ ఒక్కనాడు భేష్ అన్న పాపాన పోలేదు మరి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు సంగతి తెలిసింది. చెప్పింది పక్క మంచం వాడు. ఇదివరకు లారీ నడిపేవాడు గనుక వాడి పేరు లారీ. చివరి పరీక్షలో పదికి ఎనిమిది కొట్టినవాణ్ణి, ఏ పని కోసం చేరినా సరే, నేరుగా రైఫిల్ కంపెనీలో వేసి సరిహద్దుకు పంపేస్తున్నారట.

పానా కంచం పక్కకు నెట్టి లేచాడు. మర్నాటి నుంచి ఖాళీ దొరికితే చాలు, కాళ్లకు బలపం కట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఈ బల్లవాడు ఆ బల్ల దగ్గరికి పొమ్మన్నాడు, ఆ బల్లవాడు రేపు రమ్మన్నాడు. వారం తిప్పి, చివరికి ఒకడు ఏడో పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరి మీద చూపిస్తాడు? కింద సంతకం తనదేనాయె.

"తప్పు కొట్టరా, పీడా వదిలిపోతుంది" అన్నాడు లారీ. వాడికేమో రైఫిల్ కంపెనీ అంటే చచ్చేంత మోజు. గురి మాత్రం, పాపం, ఎంత తంటాలు పడ్డా కుదరలేదు.

పదికి నాలుగు కూడా రాకపోతే ఇంటికి పంపేస్తారు. అందుకని పానా ఆచితూచి ఒక లెక్క వేసుకున్నాడు. ఐదు లోపల, ఐదు బయట. అలా కొడితే ఇంటికీ పోనక్కర్లేదు, సరిహద్దుకీ పోనక్కర్లేదు. మైదానం పక్కనే ఉంది జనరేటర్ల షెడ్డు. రోజూ కవాతులో దాన్ని దాటేటప్పుడు, లోపల విప్పి పరిచిన ఇంజను భాగాలను చూస్తూ అడుగు తప్పి తిట్లు తినేవాడు.

పరీక్ష రోజు అనుకున్నది అనుకున్నట్టే చేశాడు. మొదటి ఐదూ నడిమధ్యకు పంపాడు. తక్కిన ఐదూ వలయాలు దాటించి పై మూలకు పంపాడు. తుపాకీ అప్పగించి వచ్చి, చాలా రోజుల తర్వాత హాయిగా తిన్నాడు.

సాయంత్రం సార్జెంటు తన గదికి పిలిపించాడు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి లారీది. నాలుగు చిల్లులు ఎలాగో వలయాల్లో పడ్డాయి, ఒకటి అడుగున అంచును చింపింది, ఇంకొకటి ఎడమ పక్కకు కొట్టుకుపోయింది, మిగతావి అసలు కాగితానికే తగల్లేదు. రెండోది పానాది. మధ్యలో ఐదు చిల్లులు, పై మూల ఐదు చిల్లులు. సార్జెంటు జేబులోంచి అగ్గిపెట్టె తీసి మూల చిల్లుల మీద పెట్టాడు. ఐదూ దాని కిందికి వచ్చాయి.

"చేతకానివాడు తప్పితే ఇలా ఉంటుందిరా" అన్నాడు, లారీ కాగితం చూపిస్తూ. "నువ్వు తప్పు కూడా కొలత పెట్టి కొట్టావు. ఎందుకు?"

పానాకు అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. "మనుషుల్ని కాల్చడం నా వల్ల కాదు సార్. మిషన్ల పని నేర్పిస్తామంటే వచ్చాను" అన్నాడు.

సార్జెంటు కోప్పడలేదు. కోప్పడితేనే నయమనిపించింది పానాకు. ఐదని మాత్రం రాయననీ, కావాలని తప్పాడని రాస్తే జైలనీ, ఆ మచ్చ జన్మంతా పోదనీ, పదీ అనుకున్నచోటే పడ్డాయి గనుక పదికి పది అని రాస్తే రైఫిల్ కంపెనీ అనీ, ఏది రాయమంటావో నువ్వే చెప్పు అనీ అడిగాడు. జైలు మచ్చ ఉన్నవాణ్ణి ఏ ఫ్యాక్టరీ గేటు దాటనిస్తుంది? పానా ఆ అగ్గిపెట్టె తీసి సార్జెంటు చేతికిచ్చాడు.

"పది రాయండి సార్."

రెండు రోజులకు జాబితా అంటించారు. పానా రైఫిల్ కంపెనీకి. జనరేటర్ల షెడ్డులో ఖాళీ అయిన చోటు లారీకి. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియని లారీ లబోదిబోమన్నాడు. ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్లి, మా ఇద్దర్నీ మార్చండి మహాప్రభో అని బతిమాలారు. జాబితా టైపైపోయిందన్నాడు గుమాస్తా, తలైనా ఎత్తకుండా. పానాకు ఆ టైపు మిషన్ ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. లారీ చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు.

ఇంటికి ఫోను చేసేందుకు తలా మూడు నిమిషాలిచ్చారు. ఎలా చెప్పాలా అని రెండు నిమిషాలు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి చెప్పేశాడు. తల్లి ఏడవలేదు. ఆవిడకు కోపమొచ్చింది.

"అదేంటి నాయనా, నాకు చేతకాదని చెప్పలేకపోయావా?"

వెనకాల వరసలో ఉన్నవాడు టైమైపోయిందని భుజం తడుతున్నాడు.

"చెప్పాలనే చూశానమ్మా" అన్నాడు. "చేతకానివాడిలా ఉండటం నాకు చేతకాలేదు."