నాయిన పాటల నోట్‌బుక్ కోసం అల్ వక్రా, ఉమ్ సలాల్

ఈ టపా ఇప్పుడే రాయక తప్పదు. ఖతర్ కూలీల క్యాంపుల్లో జిరాక్స్ కాగితాల మీద తిరిగే పాటలను కరీంనగర్‌లో ఒక ప్రచురణకర్త పుస్తకంగా వేస్తున్నాడు, రచయిత పేరు దగ్గర తన పేరు పెట్టుకుని. ఆ పాటలు కట్టింది అక్కడ కూలిపని చేసిన మా నాయిన మల్లయ్య. ప్రచురణకర్తకు ఫోన్ చేసి అడిగితే కోప్పడలేదు. "రుజువు జూపియ్యమ్మా, పేరు మారుస్త. మార్చి నెలాఖరుకు అచ్చుకు పోతది" అన్నాడు, అంతే. నాయిన పోయి ఏడాదైంది. ఆయనకు చదువు రాదు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. లా పూర్తి చేశాను. పాటలను కాగితం మీద పెట్టిన మనిషి, కరీం చాచా, ఇంకా ఖతర్‌లోనే ఉన్నాడని తెలిసి, దోహాలోని అల్ హిలాల్‌లో ఉండే స్నేహితురాలి ఇంటికి విజిట్ వీసా మీద వచ్చాను. మీ వాళ్లు పనిచేసిన చోట్లు చూడాలని మీరూ అనుకుంటుంటే ఈ వివరాలు పనికొస్తాయి.

క్యాంపు మనుషులు దొరికేది సెలవు రోజైన శుక్రవారమే. ఆ రోజు పొద్దున బస్సులు తక్కువ కాబట్టి ఎనిమిదింటికి అల్ హిలాల్‌లో టాక్సీ ఎక్కాను. అల్ వక్రాకు ఇరవై రెండు రియాళ్లయింది. దారి పొడుగునా తవ్విన రోడ్లు, క్రేన్లు, సగం లేచిన భవనాలు. గ్యాసూ చమురూ అమ్మిన సొమ్ముతో ఊరంతా ఒకేసారి కడుతున్నట్టుంది. వీటిలో నాయిన చెయ్యి పడ్డది ఏదో తెలియక, ప్రతిదాన్నీ తల తిప్పి చూశాను.

నాయిన ఉండిన క్యాంపు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. ఆడవాళ్లను లోపలికి రానివ్వరు. ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం నీడలో నిలబడి ఫోన్ చేస్తే, క్యాంపు వంటమనిషి లింగన్న మామ బయటికొచ్చాడు. మెట్‌పల్లి వైపు మనిషి, నాయిన గదిలోనే ఆరేళ్లున్నాడు. చేతిలో స్టీలు గ్లాసుతో చాయ్.

"మల్లన్న బిడ్డవా? ముక్కు సూస్తెనే తెలుస్తుంది. ఆ ముక్కుతోనే కూర మాడితె మీ నాయిన ముంగట కనిపెడ్తుండె" అన్నాడు.

పాటల సంగతి అడగగానే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, మొహమాటపడకుండా పాడాడు.

"ఇసుక మీద ఇల్లు గట్టిన, ఇంటికి నేను సుట్టమైన..."

చివరి చరణంలో "నేను మెట్‌పల్లి ఊరోణ్ని పిల్లా, యాదిల ఉంచుకో" అని ముగించాడు. మా ఊరు మెట్‌పల్లి కాదు. పాట చివర కట్టినవాడు తన పేరో ఊరో చెప్పుకోవడం మన దగ్గర వాడుక. అది తీసేస్తే పాట వేరేవాడిదైపోతుంది. నా మొహం మారడం ఆయన గమనించాడు.

"ఊరు మార్చి క్యాసెట్ల పాడి మా ఇంటికి పంపిన బిడ్డా. అందరు గట్లనే చేస్తరు" అని గొణిగాడు.

ఉమ్ సలాల్ తోటలో డ్రైవర్‌గా ఉన్న కరీం చాచా దగ్గరికి దారి తనకు తెలుసని లింగన్న మామ కూడా బయలుదేరాడు. జుమ్మా నమాజు అయ్యాక, ఒంటిగంటన్నరకు, తెలిసినవాళ్ల పికప్ దొరికింది. దోహా దాటి ఉత్తరానికి గంట ప్రయాణం; ఇద్దరికీ కలిపి ముప్పై రియాళ్లు. దారిలో నేను చదివిందంతా చెప్పాను. అచ్చు యంత్రాలు వచ్చిన కొత్తల్లో యూరప్‌లో పుస్తకం మీద హక్కు రాసినవాడికి ఉండేది కాదు, రాజు దగ్గర అనుమతి తెచ్చుకున్న అచ్చువేసేవాడికే ఉండేది.

"అంటె మిషిని ఉన్నోనిదే పాటనా?"

"అప్పట్ల అంతే మామా."

"ఇప్పుడేం మారింది మరి?"

మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో రాసినవాడికి కొన్నేళ్లపాటు హక్కు ఇస్తూ చట్టం వచ్చిందని చెప్పాను. ఆ తర్వాత కూడా తగువు తెగలేదు. దున్నినవాడిది చేనైనట్టు రాసినవాడిదే రాత అని కొందరు, అచ్చై బయటికొచ్చిన మాట అందరిదీ అని కొందరు వాదించారు.

"చేన్ల పంట కోస్కపోతె నీకు మిగలది. పాట కోస్కపోతె ఇద్దరికుంటది గద?" అన్నాడు లింగన్న మామ.

"పాట ఉంటది మామా. పేరు ఉండదు."

ఉమ్ సలాల్ వచ్చేదాకా ఆయన జేబులోని పాట కాగితాన్ని తీసి విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉన్నాడు.

కరీం చాచా హైదరాబాద్ మనిషి. ఖర్జూరపు చెట్ల పక్కన రేకుల గదిలో ఉంటాడు. "బైఠో బేటీ" అని మంచం మీద దుప్పటి దులిపి, ట్రంకుపెట్టెలోంచి నీలం అట్ట నోట్‌బుక్ తీశాడు. ఇరవై మూడు పాటలు, గుండ్రటి తెలుగు అక్షరాలు. పేరు కోసం మొదటి పేజీ, చివరి పేజీ, అట్ట లోపల వెతికాను. ఎక్కడా లేదు. ప్రతి పాట చివరా, ఊరు రావలసిన చోట, రెండు వేళ్ల జాగా ఖాళీగా ఉంది.

"ఇదేంది చాచా?"

"మీ నాయిననే ఖాళీ పెట్టమన్నడమ్మా. ఎవరు పాడ్తె వాళ్ల ఊరు పెట్టుకోనియ్ అన్నడు. ఇంట్ల విన్నోళ్లకు తమ మనిషే పాడినట్టు ఉండాల్నట."

లింగన్న మామ గట్టిగా ఊపిరి వదిలాడు. "సూసినవా? నేను దొంగను కాదు."

"అట్ట మీదనన్న పేరు రాయకపోతివా చాచా?"

"దస్తఖత్ చెయ్ మల్లన్నా అన్న. నాకు రాదు, నువ్వే చెయ్ అన్నడు. నేనెట్ల చేస్త? రాత నాది, మాట ఆయనది. యల్లా, కానియ్, తర్వాత సూద్దాం అనుకున్నం. తర్వాత ఆయన వాపస్ పోయిండు."

అచ్చైన పుస్తకం మీద ఎవరి పేరు ఉంటే, కాదని రుజువయ్యేదాకా మన చట్టం అతన్నే రచయిత అనుకుంటుంది. నాయిన, చాచా ఇద్దరి నిజాయితీ వల్ల ఆ పేరు చోటు ఎవరో నింపుకునేలా మిగిలిపోయింది. చాచా జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సంతకం చేశాడు. లింగన్న మామ కింద సాక్షిగా సంతకం చేశాడు.

వచ్చే ముందు, నాయిన ఎలా పాడేవాడని అడిగాను. రెండేళ్లకోసారి సెలవుకొస్తే నాయిన గడ్డపారో పారో పట్టుకుని ఉండేవాడు గాని, పాడగా నేను వినలేదు. చాచా కళ్లు మూసుకుని, గొంతు కొంచెం బొంగురు చేసి, ఆ ఇసుక పాటే ఎత్తుకున్నాడు. మధ్యలో దగ్గినట్టు ఆగి మళ్లీ అందుకున్నాడు. నాయిన అలాగే ఆగేవాడట. ఖాళీ దగ్గరికి వచ్చి నా వైపు చూశాడు. మా ఊరి పేరు అందించాలని తెలుసు. చెప్పలేక, నోట్‌బుక్‌లో ఆ ఖాళీ మీద వేలు పెట్టాను.

ఐదింటికి తిరుగు ప్రయాణమయ్యాము. ఇన్నాళ్లూ ఆ పాటలను దొంగిలించారని అనుకున్నాను. నాయిన ఇచ్చేశాడు, అడిగినవాడికీ అడగనివాడికీ. ఆయన ఇచ్చింది చివరి పంక్తిలో జాగా. అట్ట మీద జాగా ఎవరికీ ఇవ్వలేదు. పుస్తకం ఆయన పేరుతో రావాలి, ఖాళీలు ఖాళీలుగానే ఉండాలి. నేను అడిగేది అంతే. కాని నాకింకా ఒకటి కావాలి, దాన్ని ఏ చట్టం కిందా అడగలేను. ఆ క్యాంపు గదిలో ఆరేళ్లు రోజూ నాయిన గొంతు విన్నవాళ్ల మీద నాకు అసూయగా ఉంది.

క్యాంపుకు వెళ్లే ఆడవాళ్లకు ఒక సలహా: ముందురోజే ఫోన్ చేసి, గేటు బయట ఏ దుకాణం దగ్గర కలవాలో చెప్పించుకోండి. గేటు దగ్గర వాదించి లాభం లేదు.

మల్లయ్య పాడగా విన్నవాళ్లు, ఆయన పాటల కాగితం గాని క్యాసెట్ గాని ఇంట్లో ఉన్నవాళ్లు, ఎక్కడ ఎప్పుడు విన్నారో ఈ టపా కింద రాయండి. మీ చరణంలో మీ ఊరే ఉన్నా ఫరవాలేదు. క్యాసెట్‌లో ఆయన గొంతే ఉంటే ముందు అది చెప్పండి. మార్చి ఇరవై లోపు జవాబు ఇవ్వమని వేడుకుంటున్నాను.